కాఫీ తోట చూపించారు, పట్టా మాట ఎత్తలేదు

భద్రాచలం వచ్చే యాత్రికులు మునుపు రాములవారి దర్శనం చేసుకొని, పర్ణశాల చూసుకొని తిరిగి పోయేవాళ్లు. తీరిక ఉన్నవాళ్లు పాపికొండల లాంచీ ఎక్కేవాళ్లు. ఇప్పుడు ఈ వరసలో ఇంకొకటి చేరింది. తెల్లవారుజామున వ్యానెక్కించి, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డు పట్టించి, మారేడుమిల్లి అడవిలో జలపాతాలు, కాఫీ తోట, మిరియాల తీగలు చూపిస్తారు. మధ్యాహ్నం వెదురు బొంగులో కాల్చిన కోడికూర. రాత్రికి మళ్లీ భద్రాచలంలో దింపుతారు. అన్నీ విడమర్చి చెప్పడానికి వెంట ఒక గైడు ఉంటాడు.

వ్యవసాయ కార్మికుల విషయాలు రాయవలసిన చోట ఈ విహారయాత్రల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. కారణం ఉంది. ఈ మధ్య మా సంఘం సమావేశంలో దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపహాడ్, అశ్వారావుపేట నుంచి వచ్చిన కార్యకర్తల మధ్య వాదం నడిచింది. "మన వైపు కూడా టూరిజం రానీయండి, పిల్లలకు పని దొరుకుద్ది. మిర్చికోత రెండు నెలలు, తునికాకు ఒక నెల, మిగతా దినాలు ఏం తినాలె?" అని యువకులు అడిగారు. "ముందు టూరిజం బోర్డు పాతుతరు, తర్వాత మన పోడుకు కంచె వేస్తరు" అని పెద్దవాళ్లు అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఊరికే వాదించుకోవడం కంటే వెళ్లి చూసి రావడం మేలని తీర్మానించుకున్నాం. సంక్రాంతికి ముందు, ఇంకా మిర్చికోతలు అందుకోక మునుపు, ఎనిమిది మందిమి చందాలు వేసుకొని బయలుదేరాం. మనిషికి పడిన టికెట్టు మన కూలి లెక్కన నాలుగు దినాల కష్టం.

దారిలోనే మొదటి పాఠం

భద్రాచలం పట్టణం దాటగానే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఎటపాక, నెల్లిపాక, చింతూరు అన్నీ 2014 వరకు మన ఖమ్మం జిల్లా ఊళ్లే. పోలవరం ప్రాజెక్టు కోసం ఆ ఏడాది ఏడు మండలాల నేలను అటు కలిపారు. వ్యానులో ఉన్న హైదరాబాదు యాత్రికులకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మా వెంట వచ్చిన బూర్గంపహాడ్ అక్క కిటికీలోంచి చూపించి, "మా మేనత్త ఊరు అటే. గోదారి పొంగితే సామాను ఎత్తుకొని గుట్టెక్కుడే. ఎన్నటికి ఖాళీ చేయిస్తరో, ఎక్కడ ఇల్లిస్తరో తెల్వదు" అన్నది. యాత్రికులు అటు తిరిగి చూశారు. అంతలో శబరి వంతెన వచ్చింది. అందరూ ఫోటోలకు దిగారు.

ఘాట్ రోడ్డు ఎక్కిన తర్వాత అడవి మారుతుంది. మన వైపు మద్ది, బండారు, తునికి, ఇప్ప. ఎండాకాలం వస్తే ఆకు రాల్చే అడవి. అక్కడ వాగుల వెంబడి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు, పెద్ద పెద్ద తీగలు కనబడతాయి. గైడు దాన్ని "వర్షారణ్యం" అన్నాడు. అసలు వర్షారణ్యాలు పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్‌లో ఉన్నాయి. మారేడుమిల్లిది సగం ఆకు రాల్చే, సగం పచ్చగా నిలిచే అడవి. అయినా తూర్పు కనుమల్లో అంత చిక్కటి అడవి అరుదు. దాన్ని చూసి సంతోషించని మనిషి ఉండడు. మేమూ సంతోషించాం.

కాని ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ అడవి మనుషులు లేని చోట పెరగలేదు. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా అక్కడే పోడు కొట్టుకొని, వెదురు నరుక్కొని, జీలుగు కల్లు దించుకొని బతికారు. కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు వచ్చినప్పుడే 1879లో రంప పితూరీ లేచింది. గూడెం కొండల్లో రోడ్డు పనికి గిరిజనులను తోలుకుపోయి చాలీచాలని కూలి ఇచ్చినందుకు రగిలిన కోపమే 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక జనాన్ని నిలబెట్టింది. ఈ కొండల్లో రోడ్డు, కూలి, అడవి అనేవి ఎన్నడూ వేరు వేరు సంగతులు కావు.

బుట్టలో ఎంత, కప్పులో ఎంత

కాఫీ తోటలోకి దింపారు. నీడకు వేసిన పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోత. పండు ఒక్కసారే ఎర్రబడదు కాబట్టి అదే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లి, ఎర్రబడినవే ఏరి కోయాలి. మిర్చికోత తెలిసిన మన ఆడవాళ్లకు ఈ పని వెంటనే అర్థమైంది. మిర్చి చేనులో ఎండ, మంట. ఇక్కడ ఏటవాలు, జలగలు. నడుము నొప్పి మాత్రం రెండు చోట్లా ఒకటే.

కోస్తున్న ఒక పెద్దమ్మను మా చర్ల చెల్లెలు పలకరించింది. "అమ్మా, మీరు ఈ కాఫీ తాగుతరా?" అంటే ఆమె నవ్వి, "మేం టీ తాగుతాం తల్లీ. ఇది బస్తాల్లో పోద్ది" అన్నది.

ఒక చిన్న లెక్క వేద్దాం. సుమారు ఆరు కిలోల పండు కోస్తే, తొక్క తీసి, కడిగి, ఎండబెట్టగా ఒక కిలో గింజ వస్తుంది. వేయిస్తే అందులో ఆరో వంతు దాకా తూకం పోతుంది. మిగిలిన పొడిని కప్పుకు పది గ్రాముల చొప్పున వేస్తే ఎనభై కప్పులు. అంటే పెద్దమ్మ బుట్టలో పన్నెండు కిలోలు ఉన్నాయనుకుంటే నూటఅరవై కప్పుల కాఫీ. పట్నంలో అద్దాల హోటల్లో కప్పు నూరు రూపాయలనే వేసుకోండి, పదహారు వేల రూపాయలు. పాలు, అద్దె, కరెంటు, లారీ కిరాయి, అక్కడ పనిచేసే పిల్లల జీతం అన్నీ తీసేయండి. తీసేయవలసిందే, అవీ ఖర్చులే. అయినా ఒక సంగతి దాగదు. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాలకూ నిర్ణయించిన రోజుకూలి 307 రూపాయలు. అంటే మూడు కప్పుల కాఫీ. పండు కోసిన చేతికీ కప్పు పట్టిన చేతికీ మధ్య ఉన్న దూరం ఇది. ఈ దూరంలో భూమి ఎవరిదైతే, గింజ ఎండబెట్టి అమ్మే హక్కు ఎవరిదైతే, ఎక్కువ భాగం వాళ్లదే అవుతుంది.

అందుకనే మేం గైడును అడిగాం, "తమ్ముడూ, ఈ తోట ఎవరిది?" అని.

ఎవరు నాటితే అడవి? ఎవరు దున్నితే ఆక్రమణ?

గైడు కొండరెడ్ల కుర్రాడే. డిగ్రీ చదివాడు. చక్కగా మాట్లాడతాడు. "సర్కారీ తోట అన్నా" అన్నాడు. "మరి మీకు?" అంటే కాసేపు ఆగి, "మా నాన్నకి రెండెకరాల పోడు ఉంది. కొలిచి వెళ్లారు. పట్టా రాలేదు. అన్నా, మీరు సంఘం వాళ్లలా ఉన్నారు, రాస్తే నా పేరు రాయకండి" అన్నాడు.

ఆ కుర్రాడి మాటలోనే అసలు సమస్య మొత్తం ఉంది.

ఈ కొండలకు కాఫీని 1898లో ఇంగ్లీషు దొరలు తెచ్చారు. మొదట నాటింది మారేడుమిల్లి వైపున్న పాములేరు లోయలోనే. స్వాతంత్ర్యం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ 1960 నుంచి రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు పెంచింది. తర్వాత వాటిని అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించారు. అరబికా కాఫీ పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. సిల్వర్ ఓక్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. కింద పొదలన్నీ కొట్టి ఈ రెండూ నాటిన చోటు "అడవి" అయింది. అదే నేలలో కొండరెడ్డి జొన్న, సామ, కంది చల్లుకుంటే "ఆక్రమణ" అయింది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టంలో, 1988 సవరణ తర్వాత, అడవి భూమిని కొట్టి టీ, కాఫీ, రబ్బరు, సుగంధ ద్రవ్యాలు వేయడం అటవీయేతర పని అని స్పష్టంగా రాసి ఉంది. అంటే కాఫీ తోట అడవి కాదని చట్టమే చెబుతోంది. పోతే 2023లో కేంద్రం అదే చట్టాన్ని సవరించింది. జంతు ప్రదర్శనశాలలు, సఫారీలు, అటవీ ప్రణాళికల్లో చేర్చిన ఎకో టూరిజం ఏర్పాట్లు ఇకమీదట అటవీయేతర పనులు కావని రాసుకుంది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. కోయవాడి నాగలి అడవికి ముప్పు, యాత్రికుడి కుటీరం అడవిలో భాగం! పాలకులు అడవిని ఎవరి కళ్లతో చూస్తున్నారో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

ఇదేదో అటు కొండల్లోని విషయమే అనుకోకండి. మన సత్తుపల్లి, అశ్వారావుపేట, కొత్తగూడెం వైపు చూడండి. అటవీ అభివృద్ధి సంస్థ పేరుతో వందల ఎకరాల్లో జామాయిల్ బారులు. పిట్ట గూడు కట్టని, పశువు మేయని ఆ చెట్లు కాగితం మిల్లులకు పోతాయి. వాటిని ఎవరూ ఆక్రమణ అనరు. ఆ బారుల పక్కనే పోడు చేసుకున్న గూడేల మీద మాత్రం కందకాలు తవ్వారు, కేసులు పెట్టారు.

అరకు పేరు పారిస్ దాకా ఎట్లా పోయింది?

అయితే కాఫీ వల్ల గిరిజనులకు ఎక్కడా మేలు జరగలేదా? జరిగింది. దాన్ని కూడా చూడాలి, లేకపోతే మన విశ్లేషణ ఒంటికన్నుది అవుతుంది.

విశాఖ మన్యంలో, అంటే అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో, గిరిజన రైతులు తమ పోడు చెక్కల్లోనే ఎకరం, రెండెకరాల చొప్పున కాఫీ వేశారు. ఐటీడీఏ మొక్కలు ఇచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గింజ కొన్నది. రైతుల సహకార సంఘాలు కూడా ఏర్పడ్డాయి. నేడు అక్కడ రెండు లక్షలకు పైగా ఎకరాల్లో కాఫీ ఉంది. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పురుగుమందుల అప్పు లేకుండా చెట్టు నీడన పండే పంట అది. 2025లో కాయతొలుచు పురుగు కనబడి రైతులు కాయలు దులిపి నాశనం చేయవలసి వచ్చింది. ధర బజారు దయ మీద ఉంది. ఆ కష్టాలన్నీ నిజమే. అయినా రైతు తన నేల మీద నిలబడి ఆ కష్టం పడుతున్నాడు. ఇతరుల తోటలో దినకూలికీ, సొంత చెక్కలో కాఫీ రైతుకూ ఉన్న తేడా ఇదే.

ఆ నేల ఊరికే నిలవలేదు. అరకు వెళ్లే యాత్రికులందరూ దారిలో బొర్రా గుహలు చూస్తారు. ఆ బొర్రా పంచాయతీలోనే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చినప్పుడు గిరిజనుల పక్షాన వేసిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదన్నది. 1/70 చట్టంలోని "వ్యక్తి" అనే మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందన్నది. గుహల్లో రంగు దీపాలు చూపించే గైడులు ఈ తీర్పు గురించి కూడా నాలుగు మాటలు చెబితే యాత్రికుల చదువు పూర్తవుతుంది.

1/70 మీద కన్ను

1959 నాటి భూమి బదలాయింపు నిబంధనలను సవరిస్తూ 1970లో వచ్చిన ఈ 1/70 ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడం, రాసివ్వడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. మన భద్రాచలం ఏజెన్సీలో ఈ చట్టాన్ని బినామీ పేర్లతో ఎన్ని రకాలుగా తొక్కారో మనకు తెలియంది కాదు. అయినా అది ఉన్నందువల్లనే ఈమాత్రం భూమి మిగిలింది.

2025 జనవరి చివర విశాఖలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. ఏజెన్సీలో హోటళ్లు రావాలంటే 1/70ని సవరించాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ ఆ వేదిక మీద అన్నారు. దాంతో మన్యం భగ్గుమన్నది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో గిరిజన సంఘాలు బంద్ జరిపాయి. అరకులో యాత్రికుల బండ్లు ఆగిపోయాయి. చట్టం జోలికి పోబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. ఇది ఆషామాషీ సంగతి కాదు. పర్యాటకం అనే తీయటి మాట వెనుక భూమి అనే అసలు మాట ఉందని ఆ రెండు రోజులు రుజువు చేశాయి. పెట్టుబడికి అడవి అందం చాలదు, అడవి నేల కావాలి. ఒకసారి వెనక్కు తగ్గినవాళ్లు లీజు పేరుతోనో, ఉమ్మడి భాగస్వామ్యం పేరుతోనో మళ్లీ రాకుండా ఉండరు.

మన గ్రామసభ ఏమడగాలి?

మరి టూరిజాన్ని అడ్డుకోవాలా? మా అభిప్రాయం అది కాదు. పట్నంలో పొద్దస్తమానం చాకిరీ చేసే గుమాస్తా, మాస్టారు పిల్లలతో ఒకరోజు అడవి చూడాలనుకుంటే అతను మనకు శత్రువు కాడు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల పేరుతో గిరిజన యువకులే గదులు, భోజనాలు నడిపే పద్ధతి కూడా ఉంది. వంట చేసే ఆడవాళ్లకు చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. కాని సమితి పేరు గిరిజనులదై, సంతకం, తాళం, లెక్కల పుస్తకం శాఖ చేతిలో ఉంటే ఆ మేలు ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఇచ్చిన చెయ్యే తీసుకోగలదు. హక్కుగా వచ్చినదాన్ని అంత సులువుగా తీసుకోలేరు.

కనుక మన వైపు ఏ గూడేనికి ఇటువంటి ప్రతిపాదన వచ్చినా ముందు గ్రామసభలో ఈ ప్రశ్నలు వేయండి.

ఒకటి, ఆ నేల మీద పోడు హక్కులు, ఉమ్మడి అటవీ హక్కులు తేల్చారా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదు. బడి, ఆసుపత్రి, రోడ్డు, చెరువు వంటి ఊరి అవసరాలకు అడవి భూమి ఇవ్వవచ్చునని ఆ చట్టం ఒక జాబితా ఇచ్చింది, అదీ గ్రామసభ సరేనంటేనే. ఆ జాబితాలో హోటలు లేదు, కుటీరాలు లేవు.

రెండు, టికెట్టు ఎవరు కోస్తారు? ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? ఆరు నెలలకొకసారి లెక్క గ్రామసభలో చదువుతారా?

మూడు, పనిచేసేవాళ్లు ఎవరి కింద? మేస్త్రీ నోటుబుక్కులో పేరుంటే చాలదు. తోట కూలీలకు ఇళ్లు, వైద్యం, పసిపిల్లల గది ఇవ్వాలన్న 1951 తోట కార్మికుల చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. దినకూలిగా రాసుకుంటే పాతదీ అందదు, కొత్తదీ అందదు. హాజరుపట్టీలో పేరెక్కించాలి.

నాలుగు, ఏ పంట? మన పల్లపు ఎండలో కాఫీ పండదు. అరబికాకు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లదనం కావాలి. అరకు బొమ్మ చూపించి ఆశపెట్టేవాళ్లను నమ్మవద్దు. మనకున్నవి ఇప్ప, చింత, వెదురు, తునికాకు. వాటిని ఎండబెట్టి, శుద్ధి చేసి, గ్రామసభ పేరుతో అమ్ముకునే హక్కును అడగాలి.

ఇక్కడ మన లోపం కూడా ఒప్పుకోవాలి. మన సంఘాలు పట్టా దాకా పోరాడాయి. తెలంగాణలో 2023 జూన్ 30న మొదలుపెట్టి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడుకు పట్టాలు ఇచ్చారంటే ఏళ్ల తరబడి జరిగిన ఉద్యమాలే కారణం. అందనివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం పోరు ఆగదు. కాని పట్టా వచ్చిన చెక్కలో ఏం వేయాలి, ఎవరికి అమ్మాలి అనే దగ్గర మనం చేతులు ముడుచుకున్నాం. ఆ ఖాళీలోకి విత్తనాల షావుకారు దూరాడు. పత్తి, మిర్చి అప్పుల్లో పట్టా పుస్తకాలు తాకట్టు పడుతున్నాయి. అరకు రైతు నుంచి నేర్చుకోవలసింది కాఫీ వేయడం కాదు. భూమి, పంట, అమ్మకం మూడింటినీ ఒక్క చేతిలో పెట్టుకోవడం.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఉన్న ఒక మాస్టారు మమ్మల్ని అడిగారు, "మీకు ఏం నచ్చిందండీ?" అని. మా బూర్గంపహాడ్ అక్క జవాబు చెప్పింది. "అడవి బాగుంది సారూ. ఆ గైడు పిల్లగాని మాట ఇంకా బాగుంది. వాళ్ల నాయిన పట్టా కూడా వచ్చి ఉంటే మొత్తం బాగుండేది." మాస్టారు పట్టా సంగతి ఏమిటని అడిగారు. భద్రాచలం వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నారు.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గూడెం నుంచి ఒక కాగితం తీసుకురండి. పట్టా ఎందరికి వచ్చింది, ఎందరికి రాలేదు, ఉమ్మడి హక్కుకు దరఖాస్తు పెట్టారా లేదా అనేది అందులో రాసి ఉండాలి. ఎవరైనా టూరిజం పటం పట్టుకొని వచ్చినప్పుడు మన చేతిలో ముందు ఆ కాగితం ఉండాలి.